గ్లాసులో చక్కెర కరిగేంత సేపు

గత వేసవిలో ఒక రాత్రి మధిరలో మా సంఘపు కుటుంబము ఒకటి ప్రార్థనకు పిలిచితే వెళ్ళాము. వాంతులతో నీరసించిన బిడ్డ నాయనమ్మ ఒడిలో పడుకొని ఉన్నాడు. తల్లి గ్లాసెడు నీళ్ళలో చక్కెర, చిటికెడు ఉప్పు వేసి గబగబా కలుపుచున్నది. "ఇంకా కరగదేమిటి అయ్యగారూ!" అన్నది. గోడ గడియారములో నిమిషమైనా గడవలేదు. ఆమెకు మాత్రము అది ఒక యుగము.

ఇంటికి నడిచి వస్తుండగా, దైవశాస్త్రము చదివే రోజులలో పరీక్ష కోసము బట్టీపట్టి మరచిపోయిన ఒక పేరు జ్ఞాపకము వచ్చినది. అది ఫ్రాన్సు దేశపు తత్త్వవేత్త హెన్రీ బెర్గ్‌సన్ పేరు. 1907లో వెలువడిన తన ప్రసిద్ధ గ్రంథము 'సృజనాత్మక పరిణామము'లో ఆయన ఇచ్చిన ఉదాహరణము కూడా ఇదే. చక్కెర నీళ్ళు కావలసినవాడు చక్కెర కరిగేదాకా ఆగవలసినదే. గడియారము కొలిచే కాలము వేరు, మనిషి అనుభవించే కాలము వేరు.

ఆ వారమే మరొక సంగతి జరిగినది. డిగ్రీ చదువుచున్న మా సంఘ యువకుడొకడు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి పుస్తకము చేత పట్టుకొని వచ్చాడు. "అయ్యగారూ, ఇది చదివితే విశ్వాసము చెడిపోతుందని నాన్న అంటున్నారు. చదవమంటారా, వద్దంటారా?" అని అడిగాడు. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. కొన్నేళ్ళ క్రితము అటువంటి పుస్తకములు ముట్టవద్దని ప్రసంగములో చెప్పినది మేమే. ఆ తండ్రి అప్పుడు ముందు వరుసలో కూర్చుని విన్నారు.

జవాబు వెదకుచు చదివితే, గ్లాసులోని చక్కెరకు, ఆ యువకుని చేతిలోని పుస్తకమునకు సంబంధము ఉన్నదని తెలిసినది. ఆ సంగతియే పాఠకులతో పంచుకొనుచున్నాము.

బెర్గ్‌సన్ చెప్పినది ఏమిటి?

బెర్గ్‌సన్ 1859లో పారిస్‌లో యూదుల కుటుంబములో జన్మించారు. 1927వ సంవత్సరపు నోబెల్ సాహిత్య బహుమానము ఆయనకు లభించినది. మనిషి బుద్ధి దేనినైనా ముక్కలు చేసి, కొలిచి తెలుసుకొనును. యంత్రములకు, లెక్కలకు అది చాలును. జీవము మాత్రము ముక్కలకు అందదు అని ఆయన బోధించారు. లోపలికి ప్రవేశించి, దానితో ఒకటై తెలుసుకొనే తెలివి ఇంకొకటి కలదు. దానినే ఆయన 'ఇంట్యూషన్' అన్నారు. మనము అంతర్దృష్టి అనుకొందము.

థర్మామీటరు బిడ్డ ఒంటి వేడిని చెప్పును. "వీడు ఎప్పటిలా లేడు" అన్నది తల్లి మనస్సుకు తెలియును. ఈ రెండవ తెలివికి తత్త్వశాస్త్రములో చోటు కల్పించినవారిలో బెర్గ్‌సన్ ముఖ్యుడు.

తెలుగింటి విద్యార్థి

రాధాకృష్ణన్ గారు 1888లో తిరుత్తణిలో తెలుగు కుటుంబములో జన్మించారు. ఆయన చదువు చాలావరకు మిషనరీల నీడలోనే సాగినది. తిరుపతిలో లూథరన్ మిషను పాఠశాల, వేలూరులో ఊరీస్ కళాశాల, తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాల. అక్కడ ఆచార్యుడు ఏ. జి. హాగ్ ఆయన గురువులలో ఒకరు. హిందూ మతముపై క్రైస్తవ విమర్శకులు చేసిన దాడి తనను నొప్పించినదనియు, తన మతమును శ్రద్ధగా చదువుటకు అదే ప్రేరేపించినదనియు రాధాకృష్ణన్ గారు తరువాత చెప్పుకున్నారు. 1908లో వేదాంత నీతిపై ఆయన వ్యాసము వెలువడినది. దానిని మెచ్చుకున్నవారిలో హాగ్ గారు ఒకరు.

బెర్గ్‌సన్ గ్రంథము 1911లో ఆంగ్లములోనికి వచ్చినది. మద్రాసులో అధ్యాపకుడుగా ఉన్న రాధాకృష్ణన్ గారు దానిని ఊరకే చదివి మూలన పెట్టలేదు. 1919లో ఇంగ్లండులోని 'మైండ్' పత్రికలో బెర్గ్‌సన్‌పై వ్రాశారు. 1920లో వెలువడిన 'సమకాలీన తత్త్వశాస్త్రములో మతము యొక్క ఏలుబడి' అను పుస్తకములో బెర్గ్‌సన్ ఆలోచనలను నిశితముగా పరీక్షించారు. బెర్గ్‌సన్ మాటలనే చివరిదాకా తీసుకొనిపోతే అవి ఏక పరమసత్యము వైపే నడిపించునని ఆయన వాదము.

తీసుకొన్నది, సరిదిద్దినది

1929లో ఇంగ్లండులో ఆయన ఇచ్చిన హిబ్బర్ట్ ఉపన్యాసములు 1932లో 'ఆదర్శవాది జీవిత దృష్టి' అను గ్రంథముగా వెలువడినవి. బెర్గ్‌సన్ పలుకుబడి అక్కడ స్పష్టముగా కనబడును. శాస్త్రజ్ఞుని కొత్త ఊహలోను, కవి సృష్టిలోను, నీతిమంతుని నిర్ణయములోను, భక్తుని అనుభవములోను అంతర్దృష్టి పనిచేయునని రాధాకృష్ణన్ గారు చూపించారు.

అయితే బెర్గ్‌సన్ బుద్ధిని, అంతర్దృష్టిని మరీ విడదీశారని ఆయనకు అనిపించినది. అంతర్దృష్టి బుద్ధికి శత్రువు కాదు, బుద్ధి యొక్క నిండుదనము. దొరికిన సత్యమును బుద్ధి ముందు పెట్టి పరీక్షింపవలెను అన్నారు. తల్లి మనస్సు చెప్పినది నిజమే కావచ్చును, అయినా డాక్టరు దగ్గరకు తీసుకొని వెళ్ళవలసినదే గదా!

అన్నియు బెర్గ్‌సన్ నుండియే వచ్చినవని చెప్పుట న్యాయము కాదు. ఉపనిషత్తులు, శంకరుల అద్వైతము ఆయనకు అసలు ఊట. ఆ నీటిని తన కాలపు లోకమునకు అందించుటకు తగిన పాత్రను వెదకునప్పుడు బెర్గ్‌సన్ ఆయనకు తోడైనారు, మంచి ప్రతివాది కూడ అయినారు.

అదే 1932లో బెర్గ్‌సన్ చివరి పెద్ద గ్రంథము 'నీతికి, మతమునకు రెండు మూలములు' వెలువడినది. పరిపూర్ణమైన ఆధ్యాత్మికత ప్రేమతో పనిచేయు క్రైస్తవ భక్తులలో కనబడునని, భారతీయ భక్తిలో లోకము కొరకైన క్రియ చాలలేదని అందులో వ్రాశారు. మనకు పొంగిపోవాలని అనిపించు మాటయే ఇది. కాని రాధాకృష్ణన్ గారు అటువంటి విమర్శను ఒప్పుకొనలేదు. భారతీయ చింతన లోకమును కాదనునన్న ష్వైట్జర్ వాదమునకు 1939లో ఒక గ్రంథములో సమాధానమిచ్చారు. ప్రేమతో కూడిన క్రియ ఏది అని లోకము మనలను అడిగితే, మనము చూపవలసినది బెర్గ్‌సన్ పుస్తకమును కాదు, మన జీవితమును.

నిషేధము, వీలునామా

1914లో రోమన్ కతోలిక సంఘము బెర్గ్‌సన్ గ్రంథములను నిషిద్ధ పుస్తకముల పట్టికలో చేర్చినది. ఇరవై మూడేండ్ల తరువాత, 1937లో, ఆయన తన వీలునామాలో వ్రాసిన సంగతి వినండి. తన ఆలోచనలే తనను కతోలిక విశ్వాసమునకు దగ్గర చేసినవట. అందులో చేరియుండెడివాడే గాని, యూదులపై ద్వేషము పెరుగుచున్నందున, రేపు హింస పొందబోవు తనవారి మధ్యనే నిలువదలచుకున్నానని తెలిపారు. తన సమాధి కార్యక్రమములో, అనుమతి దొరికితే, ఒక కతోలిక గురువు ప్రార్థన చేయవలెనని కోరారు. 1941 జనవరి 4న, జర్మనీ సేనల చేతిలో ఉన్న పారిస్‌లో కన్నుమూశారు. ఏ పుస్తకములు విశ్వాసమును చెరుపునని భయపడినారో, వాటిని వ్రాసిన మనిషియే చివరకు ఆ విశ్వాసపు గడప దగ్గర నిలబడియున్నాడు.

ఈ సంగతి చదివిన రాత్రి మా పాత ప్రసంగము గుర్తుకు వచ్చి సిగ్గుపడినాము.

మన ఇంటిలో

రాధాకృష్ణన్ గారు చెప్పినవన్నియు మేము ఒప్పుకొనము. క్రీస్తును గూర్చి మా విశ్వాసము వేరు, దానిని దాచుకొనము. కాని ఎదుటివాని మాటను పూర్తిగా వినకుండ కాదనలేదు ఆయన. నచ్చినది కృతజ్ఞతతో తీసుకున్నారు, నచ్చనిచోట కారణము చెప్పి విభేదించారు. మా పిల్లలకు కావలసిన తర్ఫీదు ఇదే.

ఒక ఆదివారము సాయంకాలము ఆ తండ్రీ కొడుకుల ఇంటికి వెళ్ళాము. ముందుగా తండ్రితో, "ఆనాడు మేము చెప్పినది తొందరపాటు మాట" అని ఒప్పుకున్నాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే ముగ్గురము కలిసి చదువుదాము అయ్యగారూ, నాకు అర్థము కానిచోట వీడు చెప్పుతాడు" అన్నారు. ఇప్పటికి రెండు అధ్యాయములు అయినవి. తండ్రి ప్రతి పుటకు అడ్డుప్రశ్న వేయుచున్నారు. కొడుకు జవాబు వెదకుటకు తన బైబిలును కూడ మునుపటికంటె ఎక్కువగా తెరచుచున్నాడు.

తలిదండ్రులారా, పిల్లవాని చేతిలో కొత్త పుస్తకము కనబడితే లాగివేయకండి. ప్రక్కన కూర్చుని చదవండి. చక్కెర కరుగుటకు కొంత సేపు పట్టును. ఆగవలసినదే.