జాంబీలు వస్తే ఏం చేయాలి? సలహాలిచ్చింది అమెరికా ప్రభుత్వ సంస్థే.. అసలు ప్లాన్ మాత్రం వేరే!

చనిపోయినవాళ్లు లేచి వస్తారు.. ఒక్క కాటు పడితే చాలు, మనమూ వాళ్లలాగే మారిపోతాం. సినిమాల్లో చూసే ఈ జాంబీల దాడి గురించి ఓ ప్రభుత్వ సంస్థ జాగ్రత్తలు చెబితే ఎలా ఉంటుంది? అమెరికాలో సరిగ్గా అదే జరిగింది. అక్కడ అంటువ్యాధుల నియంత్రణ చూసే సీడీసీ 2011 మే నెలలో దీనిపై ఓ పోస్ట్ పెట్టింది. జనం ఎగబడటంతో సర్వరే కుప్పకూలింది.

ఎందుకు పెట్టారంటే..

జాంబీలు లేవని సీడీసీకీ తెలుసు. అట్లాంటిక్ తీరంలో ఏటా జూన్ 1న హరికేన్ల సీజన్ మొదలవుతుంది. ముందే సిద్ధంగా ఉండండని మామూలుగా చెబితే చాలామంది పట్టించుకోరు. అందుకే పాత మాటనే జాంబీల కథలో చుట్టి చెప్పారు.

ఆ లిస్ట్‌లో ఉన్నవి ఇవే: మనిషికి రోజుకు ఒక గ్యాలన్, అంటే సుమారు 3.8 లీటర్ల నీళ్లు, త్వరగా పాడవని ఆహారం, రోజూ వేసుకునే మందులు, బ్యాటరీ రేడియో, సబ్బు, దుప్పట్లు, ముఖ్యమైన పత్రాలు, ఫస్ట్ ఎయిడ్ సామాను. ఇంట్లోవాళ్లు చెల్లాచెదురైతే ఎక్కడ కలుసుకోవాలో కూడా ముందే అనుకోవాలని సూచించారు.

లేని జాంబీ అంటే భయం ఎందుకు?

జాంబీ కల్పితమే కానీ, దాని వెనకున్న భయాలు నిజమైనవే. ఒకటి రోగం అంటుకుంటుందన్న భయం. కుళ్లిన ఒళ్లు, రక్తం చూడగానే కలిగే అసహ్యం మనల్ని రోగాలకు దూరంగా ఉంచే సహజమైన హెచ్చరిక. రెండోది.. మనవాళ్లే మనవాళ్లు కాకుండా పోతారన్న భయం. ముఖం తెలిసిందే, లోపల మాత్రం ఆ మనిషి లేడు!

కరోనా సమయంలో 310 మందిపై చేసిన ఓ అధ్యయనం 2021లో ప్రచురితమైంది. జాంబీలు, ప్రళయాల సినిమాలు ఇష్టపడేవాళ్లు ఆ కష్టకాలానికి తాము మరింత సిద్ధంగా ఉన్నట్లు చెప్పారు. అయితే సినిమాలే అందుకు కారణమని ఈ అధ్యయనం తేల్చలేదు.

నవ్వుకుంటే సరిపోదు

ఇక్కడే అసలు ట్విస్ట్. సీడీసీ ప్రచారంపై 2015లో మరో పరిశోధన వచ్చింది. సరదా జాంబీ సందేశం చదివినవాళ్లలో జాగ్రత్తలు తీసుకోవాలన్న ఉద్దేశం, మామూలు సందేశం చదివినవాళ్ల కంటే తక్కువగా కనిపించింది. అంటే జోక్ అందరికీ చేరింది కానీ, అసలు విషయం మాత్రం అందులోనే కలిసిపోయిందన్నమాట.

జాంబీ రాకపోవచ్చు.. తుపాను మాత్రం వస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ దెబ్బకు కరెంటు, ఫోన్లు లేక విశాఖ ఎంత అల్లాడిందో అక్కడివాళ్లు మర్చిపోలేదు. అలాంటి రోజున పనికొచ్చేదీ ఇదే లిస్ట్. చదివి నవ్వుకున్నా ఫర్వాలేదు.. నీళ్ల డబ్బా, మందులు, టార్చిలైటు ఈరోజే ఓ పక్కన పెట్టుకుంటే మంచిది.