ట్రాక్టరునకు రెండవ డీజిలు ట్యాంకు

వరికోతల వేళ పొలము విడిచి బంకునకు పోవుట కష్టమని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల రైతుసోదరులు కొందరు ట్రాక్టరునకు, జీపునకు రెండవ ట్యాంకు బిగింపదలచుచున్నారు. కోరిక న్యాయమైనదే. అయితే పంపు తీసికొను డీజిలంతయు ఇంజనులో మండదు. మిగిలినది వేరొక గొట్టమున మొదటి ట్యాంకునకే తిరిగి చేరును. ఈ తిరుగు గొట్టమును మార్చక రెండవ ట్యాంకును వాడినచో, నిండియున్న మొదటిది పొంగును. వేడి సైలెన్సరుపై పడిన నిప్పంటుకొనవచ్చును. కావున రెండు గొట్టములను ఒక్కసారిగా మరల్చు వాల్వునే కొనవలెను.

జింకుపూత రేకు పనికిరాదు. జింకు డీజిలుతో కలిసి సబ్బువంటి పదార్థమై ఇంజెక్టర్లను మూయును. 50 లీటర్లు సుమారు 42 కిలోలు తూగును. బిగింపు ఛాసీకే యుండవలెను. 1988 మోటారు వాహనముల చట్టము, 52వ సెక్షను వాహనమార్పులను నిర్బంధించుచున్నది. ముందుగా రవాణా కార్యాలయమున విచారింపుడు. ఊరిప్రక్కనే పొలమున్నవారికి బిగుతైన మూతగల క్యాను చాలునని మా అభిప్రాయము.