మెరిసే స్టీలు జడ.. లోపలి గొట్టం మాటేమిటి?

కాపెల్ (టెక్సాస్): పిల్లాడికి పదహారు నిండితే లైసెన్సు, దానితోపాటు ఇంట్లో పాత కారు తాళం. ఇక్కడి మన ఇళ్లలో మామూలుగా జరిగేదే ఇది. మా ఇంట్లోనూ అంతే. ఇరవై ఏళ్లు దాటిన జపాన్ కారు మావాడి చేతికొచ్చింది. ఓ రోజు పొద్దున్నే గరాజ్‌లో పెట్రోలు వాసన. గడ్డి కోసే మెషిన్ డబ్బా కారుతోందేమో అనుకున్నాను. హుడ్ ఎత్తి చూస్తే, ఇంజిన్‌కి పెట్రోలు తీసుకెళ్లే రబ్బరు హోస్ చివర సన్నటి పగుళ్లు, అక్కడో తడి చుక్క. ఆ పక్కనే, జానెడు దూరంలో, కాలే ఎగ్జాస్టు పైపు. గుండె జారిపోయిందంటే నమ్మండి.

ఇంజెక్షన్ ఇంజిన్లలో ఆ గొట్టంలో పెట్రోలు దాదాపు 40 నుంచి 60 పీఎస్ఐ ఒత్తిడితో ఉంటుంది. పగిలిందంటే కారడం కాదు, పిచికారీ కొట్టినట్టు చిమ్ముతుంది.

రబ్బరు ఎందుకు చెడుతుందో మన ఆడవాళ్లకి చెప్పక్కర్లేదు. కుక్కర్ గాస్కెట్ కొన్నాళ్లకి బిగుసుకుపోయి ఆవిరి వదిలేయడం చూస్తూనే ఉంటారు కదా. ఇక్కడి ఎండలు కూడా రామగుండం ఎండలకి తీసిపోవు. డాలస్ ప్రాంతంలో 2011లో నూరు డిగ్రీల ఫారెన్‌హీట్, ఆపైన నమోదైన రోజులు 71. హుడ్ కింద వేడి దానికన్నా చాలా ఎక్కువ. పైగా పెట్రోలులో కలిపే ఇథనాల్ పాతకాలపు రబ్బరుకి పడదు.

మావాడు వెంటనే, 'డాడీ, బ్రెయిడెడ్ లైన్ వేసేద్దాం' అన్నాడు. స్టీలు తీగల్ని జడలా అల్లిన తొడుగు ఉంటుందే, అది. సోకు కోసం అడుగుతున్నాడనుకున్నా. సగం నిజమే! ఆ జడ ఒత్తిడిని, పైనుంచి తగిలే దెబ్బల్ని కాస్తుంది గానీ, లోపలి గొట్టం ఆయుష్షు పెంచదు. లోపల రబ్బరే ఉంటే అదీ ఏదో ఒకనాటికి ఎండిపోతుంది. అప్పుడు పగులు జడ కింద దాక్కుంటుంది, కంటికి కనబడదు. మామూలు హోసే నయం, కనీసం చూస్తే తెలుస్తుంది.

అందుకని లోపల పీటీఎఫ్ఈ ఉన్నది తీసుకున్నాం. పేరు కొత్తగా ఉన్నా వస్తువు పాతదే, మన నాన్‌స్టిక్ దోశ పెనం మీది టెఫ్లానే. పెట్రోలు, ఇథనాల్ దాన్నేమీ చేయలేవు. అయితే పెట్రోలుకి వాడేటప్పుడు కార్బన్ కలిపిన నల్లటి రకమే ఉండాలి. లేకపోతే పారే పెట్రోలు వల్ల పుట్టే స్టాటిక్ కరెంటు గొట్టానికి సూదిబెజ్జాలు పెట్టగలదు.

ఇక ఫిట్టింగులు. వీటిని ఏఎన్ అంటారు, అంటే ఆర్మీ-నేవీ. అమెరికా సైన్యం విమానాల కోసం పెట్టుకున్న కొలతలివి. (రెండో ప్రపంచ యుద్ధంలో మస్టాంగ్ యుద్ధవిమానాలు మన పక్కనున్న గ్రాండ్ ప్రెయిరీలోనూ తయారయ్యాయి.) ‘6’ అని ఉంటే అంగుళంలో పదహారో వంతులు ఆరు, అంటే 3/8 అంగుళాల పైపుకి సరిపోయేదన్నమాట. కొస 37 డిగ్రీల వాలుతో ఉంటుంది. నల్లా సామాన్లలో దొరికే 45 డిగ్రీలది మర కలిసినట్టే అనిపిస్తుంది, కానీ కారుతుంది. ఈ జాయింటుని మూసేది ఆ వాలే, మర కాదు. అందుకని కుళాయికి చుట్టినట్టు టెఫ్లాన్ టేపు చుట్టకూడదు, రెండు చుక్కల ఆయిలు చాలు.

మేం తప్పు చేసింది ఇక్కడే. రబ్బరు హోస్ ఫిట్టింగుల్ని పీటీఎఫ్ఈ హోస్‌కి కొనేశాం. బల్ల మీద బిగించి లాగితే ఊడి చేతికొచ్చింది. అమ్మినవాడిని అనడానికి లేదు, చదవకుండా కొన్నది మేమే. పీటీఎఫ్ఈ ఫిట్టింగు లోపల విడిగా ఒక చిన్న లోహపు రింగు ఉంటుంది. పట్టు దానిదే.

హోస్ కోసేముందు టేపు గట్టిగా చుట్టాలి, లేకపోతే స్టీలు తీగలు విచ్చుకుని వేళ్లలో దిగుతాయి. కోత పని కారుకి దూరంగా చేసుకోవాలి, నిప్పురవ్వలు లేస్తాయి. పంపు ఫ్యూజు తీసి ఇంజిన్ ఆగేదాకా నడిపితే ఒత్తిడి పోతుంది. అది పూర్తిగా చల్లారాక బ్యాటరీ తీగ విప్పి పని మొదలుపెట్టాలి. మన గరాజ్‌లలో కొన్నిటిలో గ్యాస్ వాటర్ హీటర్ ఉంటుంది, దాని మంట సంగతి మర్చిపోవద్దు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేల మీదే పాకుతుంది. మేం కారుని బయటికి తోసి, ఆరుబయటే చేశాం. పక్కనే మంటలార్పే సిలిండరు పెట్టుకున్నాం.

ఇంకో మాట. ఆ స్టీలు జడ ఆకురాయి లాంటిది. ఇంజిన్ అదురుకి దేనికి రాసుకుంటే దాన్ని అరగదీస్తుంది. వైర్లకి తగలకుండా క్లిప్పులు వేయాల్సిందే.

ఇదంతా తలనొప్పి అనుకునేవాళ్లకి కంపెనీ ఇచ్చే అసలు హోసే ఉత్తమం. మామూలు రబ్బరుది కొంటే మీద ‘30ఆర్9’ అని ఉందో లేదో చూసుకోండి, ఇంజెక్షన్ ఒత్తిడికి తగిన రకం అది. చేతకానప్పుడు మెకానిక్‌కి ఇవ్వడం నామోషీ కాదు. టెక్సాస్‌లో 2025 జనవరి 1 నుంచి మామూలు కార్లకి ఏటేటా చేసే సేఫ్టీ తనిఖీ తీసేశారు. డాలస్ కౌంటీలో పొగ పరీక్ష ఉంది గానీ, హోస్ చూసే కన్ను మాత్రం ఇక మనదే.

బిగించాక స్టార్ట్ చేయకుండా తాళం నాలుగుసార్లు ఆన్ చేసి, ప్రతి జాయింటునీ పేపర్ టవల్‌తో తుడిచాం. పొడిగానే వచ్చింది. వారానికి, నెలకి మళ్లీ తుడిచి చూశాం. రేడియేటర్ హోసులకీ జడ వేద్దామని మావాడు ఇంకా అడుగుతూనే ఉన్నాడు. వాటికి మామూలు కొత్త రబ్బరువే తెప్పించాను.