మంచులో నాన్నగారి ఫోటో

చెన్నై నుంచి హౌరా వైపు రైల్లో ప్రయాణం చేసినవారికి చిల్కా సరస్సు తెలిసే ఉంటుంది. బరంపురం దాటిన కాసేపటికి ఒక పక్క కొండలు, ఒక పక్క నీళ్ళు, దూరంగా పడవలు కనిపిస్తాయి. బరంపురంలో తరాలుగా స్థిరపడిన మాలాంటి తెలుగువాళ్ళకి అది పొరుగిల్లు లాంటిది. గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోదే కదా! సరిహద్దులు మారినా మా అలవాటు మారలేదు. కార్తీకమాసం వచ్చిందంటే వనభోజనాలకు చిల్కా ఒడ్డునున్న రంభ వెళ్ళవలసిందే.

సముద్రపు ఉప్పునీరూ, నదుల మంచినీరూ కలిసే ఈ సరస్సు వర్షాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్లు దాటి పరుచుకుంటుంది. పగటిపూట చూసినవారు చాలామందే ఉంటారు. దాని అసలు అందం చూడాలంటే మాత్రం డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున వెళ్ళాలి. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి లేకపోతే నేల త్వరగా చల్లబడుతుంది. నీళ్ళు అంత త్వరగా చల్లబడవు. నులివెచ్చని నీటి మీదికి చల్లగాలి చేరినప్పుడు ఆవిరి మంచై లేస్తుంది. అవతలి కొండలు, ఖల్లికోట రాజుగారి పాత బంగళా ఉన్న చిన్న దీవి, అన్నీ మాయమైపోతాయి. ఎండ పొడ తగిలాక ఒక్కొక్కటే తిరిగి వస్తాయి. ఫోటోలు తీసేవాళ్ళకి పని అంతా ఆ కాస్త సమయంలోనే.

ఆ సమయాన్ని నేనొకసారి చేజేతులా పాడు చేసుకున్నాను.

1994 డిసెంబరు. నాన్నగారు అప్పటికి రిటైరై రెండేళ్ళు. నేను స్నేహితుడి ఆటోమాటిక్ కెమెరా అరువు తెచ్చి, 36 ఫోటోల రీలు వేసి, ఇంటిల్లిపాదినీ చీకటితోనే రంభ తీసుకెళ్ళాను. ఫోటో అంటే ఎప్పుడూ తప్పించుకునే మనిషి, ఆ రోజు తనే శాలువా సర్దుకుని నీళ్ళ అంచున నిలబడి, "నాకొకటి తియ్యరా" అన్నారు. మూడు తీశాను.

రీలు కడిగించి చూస్తే మూడింటిలోనూ మంచు బూడిదరంగులో ఉంది. నాన్నగారు బొగ్గుతో గీసినట్టున్నారు. "పోనీలే, వచ్చే శీతాకాలం తీద్దాం" అని నవ్వేశారాయన. వచ్చే శీతాకాలానికి ఆయన లేరు. పెద్దకర్మ నాటికి పటం కట్టించడానికి మంచి ఫోటో దొరక్క, అక్కయ్య పెళ్ళి గ్రూపు ఫోటోలోంచి ఆయన్ని ఒక్కరినీ వేరుచేసి పెద్దది చేయించాం. ఆ పటంలో ఇప్పటికీ నాన్నగారి భుజం మీద ఎవరిదో చెయ్యి సగం కనిపిస్తుంది. అక్కయ్య నన్నేమీ అనలేదు. "రంభలో తీశావుగా, అవేవిరా?" అని మాత్రం అడిగింది.

నా తప్పేమిటో తరవాత ఒక స్టూడియో ఆయన నెగెటివు చూసి చెప్పారు. కెమెరాలోని మీటరు, ఎదుట ఉన్నదంతా మధ్యరకం వెలుగులో ఉందనుకుంటుంది. తెల్లటి మంచు ఎదురైతే వెలుగు ఎక్కువైందని భ్రమపడి తగ్గించేస్తుంది. అందుకే మంచు మాసిపోతుంది, మనిషి నల్లబడతాడు. కాబట్టి మంచులో మీటరు చెప్పిన దానికంటే ఒక స్టాపు, అంటే రెట్టింపు, వెలుగు ఇవ్వాలి. ముఖం కావాలంటే దగ్గరికి వెళ్ళి ముఖం మీది వెలుగునే కొలవాలి.

నేటి సెల్‌ఫోనుకీ ఇదే సూత్రం. తెర మీద ముఖాన్ని వేలితో తాకితే చాలా ఫోన్లలో పక్కన సూర్యుడి గుర్తు వస్తుంది. దాన్ని కాస్త పైకి జరపండి. మంచు తుంపర లెన్సు మీద చేరుతుంటుంది, మెత్తటి నూలుగుడ్డ జేబులో ఉంచుకోండి. దూరంగా ఉన్నవేవీ కనబడవు కనుక పడవో, వెదురుగడో ఏదో ఒకటి దగ్గరగా ఉండేట్టు చూసుకోండి. అది లేకపోతే తెల్లకాగితం మిగులుతుంది.

2024 సంక్రాంతికి మా అమ్మాయి బెంగుళూరు నుంచి వచ్చింది. అమ్మకి అప్పుడు ఎనభై నాలుగు. "ఈ చలిలో నేనెక్కడికిరా" అంటూనే బయలుదేరింది. రంభ ఒడ్డున కుర్చీ వేసి కూర్చోబెట్టాం. ఎటు చూసినా తెలుపే. తొందరపడకండి, అదే విడుతుందని పడవవాడు ఒడియాలో ధైర్యం చెప్పాడు. అరగంటకి అమ్మ వెనక ఒక పడవ ముక్కు, నీళ్ళలో పాతిన గడ తేలాయి. అమ్మ ముఖాన్ని తాకి, వెలుగు పెంచి తీశాను. కళ్ళజోడు, తెల్లజుట్టు, నుదుటి మడతలు అన్నీ వచ్చాయి. మంచు మంచులాగే తెల్లగా ఉంది.

అమ్మ ఫోను దూరంగా పట్టుకుని చాలాసేపు చూసింది. "బాగానే ఉన్నానే" అని మనవరాలితో అని, నా వైపు తిరిగి, "దీన్ని ఇప్పుడే పెద్దది చేయించి ఉంచు. అప్పుడు మళ్ళీ వెతుక్కోనక్కర్లేదు" అంది.

నాకు మాట రాలేదు. మా అమ్మాయి "నానమ్మా!" అని కసిరింది. అమ్మ మాత్రం ఫ్లాస్కులో కాఫీ ఉందా అని అడిగింది.

పటం కట్టించాను. అమ్మ గదిలోనే ఉంది. రోజూ తనే తుడుచుకుంటుంది.

మీ ఊళ్ళోనూ ఒక చెరువో, నదో, సముద్రమో ఉండే ఉంటుంది. ఈ శీతాకాలం ఒక్క తెల్లవారుజామున ఇంట్లో పెద్దవాళ్ళని అక్కడికి తీసుకెళ్ళండి. మంచు విడేదాకా ఎంతసేపైనా ఆగండి. వచ్చే ఏడాది దాకా మాత్రం ఆగకండి.