స్నూకర్ మనది కాని ఆటా? అపోహలు – వాస్తవాలు

పలాసలో రైలెక్కితే విశాఖపట్నం సుమారు 200 కిలోమీటర్లు. 2017 సెప్టెంబరులో ఆ నగరంలో ఇండియన్ ఓపెన్ స్నూకర్ టోర్నమెంటు జరిగింది. ఫైనల్లో స్కాట్లండ్ ఆటగాడు జాన్ హిగిన్స్ తన దేశంవాడే అయిన ఆంథొనీ మెక్‌గిల్‌ను 5–1తో ఓడించాడు. ఇంత పెద్ద పోటీ మన గుమ్మం దాకా వచ్చి వెళ్లినా, స్నూకర్ పేరెత్తితే మన వైపు పెద్దలు కొందరు ఇప్పటికీ మొహం చిట్లిస్తారు. పిల్లలు శ్రద్ధగా నేర్చుకోదగ్గ ఈ ఆటను చుట్టుముట్టిన అపోహల్లో నిజమెంతో చూద్దాం.

అపోహ: విశాఖలో జరిగింది సరదాకి ఆడే ప్రదర్శన పోటీ.

వాస్తవం: అది ప్రపంచ ర్యాంకింగ్ టోర్నమెంటు. అందులో గెలిచిన సొమ్మును బట్టే ఆటగాడి ర్యాంకు మారుతుంది. విజేతకు 50,000 పౌండ్లు, అంటే అప్పటి లెక్కలో 40 లక్షల రూపాయల పైమాటే. హిగిన్స్‌కు అది 29వ ర్యాంకింగ్ టైటిల్. 2013 నుంచి 2019 వరకు ఈ పోటీ అయిదుసార్లు జరిగింది. 2013లో ఢిల్లీలో డింగ్ జున్‌హుయ్, 2015లో ముంబయిలో మైకేల్ వైట్, 2016లో హైదరాబాదులో మెక్‌గిల్, 2017లో విశాఖలో హిగిన్స్, 2019లో కొచ్చిలో మాథ్యూ సెల్ట్ గెలిచారు. ఆ అయిదింటిలో రెండు తెలుగు నేల మీద, అదీ వరుసగా జరిగాయి. హైదరాబాదులో కైరెన్ విల్సన్‌ను 5–2తో ఓడించి మెక్‌గిల్ తొలి ర్యాంకింగ్ టైటిల్ అందుకున్నాడు. మరుసటి ఏడు టైటిల్ నిలబెట్టుకోడానికి విశాఖ వచ్చి, ఫైనల్ దాకా వెళ్లి ఓడిపోయాడు.

అపోహ: స్నూకర్ ఇంగ్లండులో పుట్టిన దొరల ఆట.

వాస్తవం: ఆడినవాళ్లు దొరలే, పుట్టింది మాత్రం మన దేశంలో. 1875లో జబల్‌పూర్‌లో బ్రిటిష్ సైనికాధికారి నెవిల్ చాంబర్లెయిన్, అతని తోటివాళ్లు అప్పటికి ఉన్న బల్ల ఆటలను కలిపి దీన్ని రూపొందించారని చరిత్ర చెబుతుంది. ఆ తర్వాత ఊటీ క్లబ్బులో నియమాలు రాసిపెట్టారు. తర్వాతి కాలంలో బ్రిటన్ ప్రధాని అయిన చాంబర్లెయిన్ వేరు, ఈయన వేరు.

అపోహ: ఎక్కువ బంతులు గుంతలో వేసినవాడే గెలుస్తాడు.

వాస్తవం: గెలుపు బంతుల లెక్కతో కాదు, పాయింట్ల లెక్కతో. బల్ల మీద 15 ఎర్ర బంతులు, 6 రంగు బంతులు, ఆటగాడు కొట్టే తెల్ల బంతి ఉంటాయి. ఎర్ర బంతికి ఒక పాయింటు, పసుపుకు 2, నలుపుకు 7. ఎర్ర బంతి పడ్డాకే రంగు బంతి కొట్టాలి. కేరమ్స్‌లో రాణిని వేశాక వెంటనే మరో కాయిన్ వేసి కవర్ చేసినట్టే, ఇక్కడా ఒక దెబ్బ వేసేటప్పుడే తర్వాతి దెబ్బ గురించి ఆలోచించాలి. ప్రతి ఎర్ర బంతి తర్వాతా నలుపు వేస్తూ, చివర్లో రంగులన్నీ వరుసగా వేస్తే వచ్చేది 147. మామూలు లెక్కలో ఒక విడతలో చేయగలిగిన గరిష్ఠ స్కోరు అదే. కొట్టడానికి వీలు లేనప్పుడు తెల్ల బంతిని మరో బంతి చాటున దాచి ఎదుటివాణ్ణి ఇరుకున పెట్టడం కూడా గొప్ప విద్యే. అతను తప్పు చేస్తే కనీసం 4 పాయింట్లు మనకు వస్తాయి.

అపోహ: చెమట పట్టని ఆట, ఇదీ ఒక ఆటేనా?

వాస్తవం: మల్లయోధుడు కోడి రామమూర్తిని, వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరిని కన్న ఉమ్మడి శ్రీకాకుళం జిల్లా మనది. బలాన్ని చూసి ఆటను కొలవడం మనకు అలవాటు. అయితే మల్లీశ్వరి అందుకున్న ఖేల్‌రత్న పురస్కారాన్నే బిలియర్డ్స్, స్నూకర్ బల్లల మీద ఆడి గీత్ సేథీ, పంకజ్ అద్వానీ కూడా అందుకున్నారు. ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ రెండు రోజుల పాటు, 35 ఫ్రేముల (అంటే విడి ఆటల) దాకా సాగగలదు. అంతసేపూ నడుము వంచి, చెయ్యి వణకకుండా, చూపు చెదరకుండా నిలవడం సాధన లేకుండా కుదిరే పని కాదు. వయసు మాత్రం అడ్డు కాదు. విశాఖలో గెలిచేనాటికి హిగిన్స్‌కు 42 ఏళ్లు. 2022లో రానీ ఒసలివన్ 46 ఏళ్లకు ప్రపంచ చాంపియనయ్యాడు.

అపోహ: మనవాళ్లకు అబ్బని ఆట, ఆడపిల్లలకు అసలే పనికిరాదు.

వాస్తవం: ఓం అగర్వాల్ 1984లోనే ప్రపంచ అమెచ్యూర్ స్నూకర్ చాంపియన్. ఆదిత్య మెహతా 2013లో ఢిల్లీ ఇండియన్ ఓపెన్ ఫైనల్ చేరాడు. ర్యాంకింగ్ ఫైనల్ ఆడిన తొలి భారతీయుడు అతనే. 2017లో మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో విద్యా పిళ్లై ఒక్క ఫ్రేము తేడాతో, 5–6తో ఓడింది.

అపోహ: స్నూకర్ ఆడితే పిల్లలు జూదానికి అలవాటు పడతారు.

వాస్తవం: పందెం కాసే చోట పేకాటైనా, క్రికెట్టయినా పాడవుతుంది. దోషం పందానిది, ఆటది కాదు. ప్రొఫెషనల్ స్నూకర్ ఈ విషయంలో కఠినంగా ఉంటుంది. మ్యాచ్‌ల ఫిక్సింగ్ వ్యవహారంలో 2023లో పదిమంది చైనా ఆటగాళ్లను నిషేధించారు, వారిలో ఇద్దరికి అది జీవితకాల నిషేధం. తల్లిదండ్రులు చూడాల్సింది పిల్లవాడు ఏ ఆట ఆడుతున్నాడన్నది కాదు, ఎక్కడ, ఎవరి దగ్గర ఆడుతున్నాడన్నది.

అపోహ: ఇది డబ్బున్నవాళ్ల ఆట.

వాస్తవం: ఈ మాటలో సగం నిజముంది. బల్ల 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు. గుడ్డ కింద పలక రాయి పరుస్తారు కాబట్టి బరువు టన్ను దాటుతుంది. ఎగుడుదిగుడు లేని నేల, చుట్టూ తిరిగే జాగా ఉండాలి. మన జిల్లా ఉద్దానం తీరంలో మరో చిక్కుంది. ఉప్పుగాలి తేమకు గుడ్డ బరువెక్కి బంతి మందగిస్తుంది. అందుకే పెద్ద టోర్నమెంట్లలో బల్ల అడుగున హీటర్లు పెట్టి గుడ్డను పొడిగా ఉంచుతారు. గుడ్డ నూగు ఎటు వాలి ఉందో అటే బ్రష్ చేసి, ఇస్త్రీ చేస్తారు. ఇవన్నీ ఒక ఇంటివాళ్లు మోయలేరు. ఒక కాలేజీ, ఒక క్రీడా ప్రాంగణం, ఒక పట్టణ క్లబ్బు మోయగలవు. బల్ల ఒకటే ఉన్నా వంతులవారీగా ఎందరో నేర్చుకోవచ్చు. కేరమ్స్ బల్ల ముందు గంటలు గడిపే మన పిల్లలకు చూపు, చేతివాటం కొత్తగా నేర్పక్కర్లేదు. వాళ్లకు కావలసింది పెద్ద బల్ల, మంచి శిక్షకుడు, జూనియర్ పోటీలకు వెళ్లే దారి. పలాసలోనో టెక్కలిలోనో ఆ బల్ల వేయించే పనికి మన పెద్దలు పూనుకోవాలి.