ఓడలు వదిలిన రేవు, వలలు వదలని తీరం

ఉత్తరాంధ్ర కడలి అంచున నేడు నిర్జనంగా కనిపించే ఇసుక తీరాలలో కొన్ని ఒకప్పుడు ఓడలు ఆగిన రేవులు. ఆ సంగతి తెలియని యాత్రికుడికి అక్కడి ఏకాంతం అనాదిగా ఉన్నదే అనిపించవచ్చు గాని, కళింగపట్నంలోనూ బారువలోనూ దాని వయసు నూరేళ్లకు అటూ ఇటూ మాత్రమే.

శ్రీకాకుళం జిల్లా గార మండలంలో, వంశధార సముద్రంలో కలిసేచోట కళింగపట్నం ఉంది. ఆ నదికి ఎగువన తూర్పు గంగరాజుల నాటి ముఖలింగ క్షేత్రం ఉండగా, పట్నానికి సమీపంలో దక్షిణపు గట్టు మీద శాలిహుండం బౌద్ధ క్షేత్రం ఉంది. 1919లో గిడుగు రామమూర్తి పంతులు వెలుగులోకి తెచ్చిన ఆ కొండ మీది స్తూపాలు, చైత్యాలు క్రీస్తు పూర్వపు శతాబ్దాల నుంచి వెయ్యేళ్లకు పైగా ఆరాధన అందుకున్నాయి. నదిని ఆనుకొని, సముద్రానికి చేరువలో ఆ విహారం అంతకాలం నిలిచిందంటే, ఆ నది మొగ గుండా సాగిన రాకపోకలే దాన్ని పోషించాయని ఊహించడం అసమంజసం కాదు. నది సముద్రంలో పడే నోటిని ఇక్కడి వారు మొగ అంటారు.

ఆంగ్లేయుల కాలంలో కళింగపట్నం, సోంపేట మండలంలోని బారువ గంజాం జిల్లా రేవులుగా ఉండేవి. వాటికి ఓడ వచ్చి ఒరుసుకునే గట్టు లేదు. ఓడ లోతు నీటిలో లంగరు వేసి నిలబడితే, ధాన్యం, నూనెగింజల బస్తాలను పడవల మీద కెరటాలు దాటించి చేర్చేవారు. ఆ పడవల పలకలను మేకులు కొట్టకుండా కొబ్బరి పీచు తాళ్లతో కుట్టేవారు. బిగుతుగా కొట్టిన పడవ కెరటం దెబ్బకు పగులుతుంది గాని, కుట్టిన పడవ కొంచెం వంగి ఆ దెబ్బను ఓర్చుకుంటుంది. వాటిని నడిపినవారు జాలర్లే. రేవు వ్యాపారమంతా వారి చేతి నేర్పు మీద ఆధారపడినా, రేవు చరిత్ర రాసినవారు వారిని తలచుకున్నది తక్కువే.

1890ల్లో తూర్పు తీరపు రైలు మార్గం పడి సరుకు బండి ఎక్కింది. 1933లో విశాఖపట్నం ఓడరేవు ప్రారంభమయ్యాక, గట్టు లేని చిన్న రేవుల దగ్గర ఓడలు ఆగవలసిన అవసరం తీరిపోయింది. ఓడల రోజుల్లో ఈ తీరం బర్మాకు వాకిలి. గంజాం, విశాఖ జిల్లాల కూలీలు వేల సంఖ్యలో రంగూన్‌కు ఓడ ఎక్కి, 1942లో జపాన్ దాడితో చెల్లాచెదురై వెనుదిరిగారు. ఆ ఓడల కాలానికి బారువ సముద్రంలో ఒక గుర్తు మిగిలింది. 1917లో మంటల్లో చిక్కుకున్న చిల్కా అనే ఆవిరి నౌక తీరానికి దగ్గరలోనే మునిగిపోగా, దాని ఇనుప అవశేషాలను చూడటానికి నేటికీ ఈతగాళ్లు నీటి అడుగుకు దిగుతారు. విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలం చింతపల్లిలో మరో గుర్తు ఉంది. భీమునిపట్నం వైపు వచ్చే ఓడలను సముద్రంలోని రాతి గుట్టల నుంచి కాపాడటానికి 1847లో అక్కడ దీపస్తంభం నెలకొల్పారు.

ఇప్పుడు కళింగపట్నంలో పర్యాటకుల కోసం చేసిన కొద్దిపాటి ఏర్పాట్లు దాటి మొగ వైపు నడిస్తే, దుకాణాలు, దీపాలు ఉండవు. ఇసుకను పట్టి ఉంచే తీగలు, వాటి వెనుక మొగలి పొదలు, ఆ వెనుక సరుగుడు తోటలు వరుసగా కనిపిస్తాయి. మొగ ఏటా ఒకే తీరుగా ఉండదు: నైరుతి గాలులు వీచే నెలల్లో కెరటాలు తీరానికి ఏటవాలుగా తాకి ఇసుకను ఉత్తరానికి జరుపుతాయి, ఆ ఇసుక నది నోటికి అడ్డంగా మేట వేస్తుంది, వరద వచ్చినప్పుడు నది దాన్ని తెగ్గొట్టుకొని బయటపడుతుంది. మొగ దగ్గర నీటి లాగుడు ఎక్కువ గనుక, ఈత ఎంత వచ్చినవారైనా స్థానిక జాలర్లను అడగకుండా దిగరాదు.

నిర్జనమని బయటివారు అనుకునే ఈ ఇసుకే జాలరి పేటలకు పని స్థలం. పెద్దవల లాగే ఉదయం అక్కడికి వెళ్లినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. అలివి వల అని కూడా పిలిచే ఈ వలకు రెండు పొడవాటి రెక్కలు, నడుమ ఒక సంచి ఉంటాయి. ఒక తాడు కొసను గట్టున ఉన్నవారికి అప్పగించి పడవ వలను అర్ధచంద్రాకారంలో విడుచుకుంటూ వెళ్లి, రెండో కొసను దూరంగా మరో జట్టుకు అందిస్తుంది. రెండు జట్లూ మడమలు ఇసుకలో గుచ్చి వెనక్కి వాలి లాగుతూ, అడుగడుగుకూ ఒకదానికొకటి దగ్గరవుతాయి. సంచి ఒడ్డుకు వచ్చే వేళకు ఆడవాళ్లు గంపలతో చేరుకొని కవళ్లు, నెత్తళ్లు, కానాగంతలు వేరు చేసి అక్కడికక్కడే బేరం తెగ్గొడతారు. వచ్చిన సొమ్ము వల యజమానికి, పడవకు, లాగినవారికి పాళ్ల లెక్కన పంపకమవుతుంది. మిగిలిన చిన్న చేపలు ఇసుక మీద ఎండుతాయి. ఆ ఎండబోత మీదుగా నడవడం వాళ్ల వాకిట్లోని వడ్లు తొక్కడంతో సమానం.

శీతాకాలం చివర ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒడిశాలోని రుషికుల్య మొగ దగ్గర గుంపులుగా ఎక్కే ఈ జాతి, శ్రీకాకుళం ఇసుకపైకి విడివిడిగా ఎక్కి, ఒక్కో గుంతలో సుమారు నూరు గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. నెలన్నర, రెండు నెలల మధ్య పైకి వచ్చే పిల్లలు వెలుతురు ఎక్కువగా ఉన్న దిక్కే సముద్రమని నమ్మి పాకుతాయి కాబట్టి, తీరాన ఒక్క విద్యుద్దీపం ఉన్నా దారి తప్పుతాయి. చీకటే ఈ తీరపు సంపద అనడానికి ఇంతకన్న కారణం అక్కరలేదు.

అయితే ఈ ఏకాంతాన్ని మెచ్చుకొని ఊరుకోవడం న్యాయం కాదు. యాత్రికుడిని ఆకర్షించే లేమి, అంటే గట్టూ రేవూ లేకపోవడం, పేటల్లోని మగవారిని గుజరాత్‌లోని వేరావల్‌కు తరుముతోంది. పెద్ద బోటు నిలపడానికి చోటు లేని ఊళ్ల నుంచి వారు నెలల తరబడి అక్కడి బోట్లలో కూలికి పోతారు. ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం, పరిసర గ్రామాల జాలర్లు 2018 నవంబరులో అలాగే వేటకు పోయి, సరిహద్దు దాటారంటూ పాకిస్తాన్ చేతికి చిక్కారు. వారిలో ఇరవైమంది 2020 జనవరిలో వాఘా గుండా తిరిగివచ్చారు. పద్నాలుగు నెలలు ఆ ఇళ్ల ఆడవాళ్లు పడిన యాతన ముందు, తీరం చెక్కుచెదరకుండా ఉండాలనే పట్టణవాసి కోరిక చాలా చిన్నది. కాబట్టి జెట్టీ కావాలని జాలరి అడిగితే కాదనే హక్కు బయటివారికి లేదు.

అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్ 19న ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. ఓడరేవుకు కెరటాలను ఆపే గోడలు తప్పవు, ఆ గోడలు ఉత్తరానికి సాగే ఇసుకనూ ఆపుతాయి, ఇసుక అందని ఉత్తరపు తీరాన్ని సముద్రం కోసుకుపోతుంది. విశాఖలో సరిగ్గా ఇదే జరిగి, ఓడరేవు దగ్గర తవ్వి తీసిన ఇసుకను రామకృష్ణా బీచ్‌కు చేర్చి పోయవలసి వస్తోంది. మూలపేటకు ఉత్తరాన వజ్రపుకొత్తూరు, ఉద్దానపు కొబ్బరితోటలు, బారువ ఉన్నాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కూల్చిన తోటలు ఆ ప్రాంతానివే. గోడకు దక్షిణాన చేరే ఇసుకను ఏటా ఉత్తరానికి దాటించే బాధ్యత ఎవరిది, దాని ఖర్చు ఏ పద్దులో ఉంది అన్నది రేవు పూర్తికాక ముందే ఆ ఊళ్ల గ్రామసభల ముందు తేలాలి.