వారానికి రెండు గంటలు

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. కన్నవాళ్లను పట్టించుకోని పిల్లల మీద ఆర్డీఓ దగ్గర ఫిర్యాదు చేయొచ్చని, భరణం ఇప్పిస్తారని ఆ చట్టం గురించి చాలామందికి తెలుసు. దాని కింద కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా నియమాల సంగతి మాత్రం ఎక్కువమందికి తెలియదు. ప్రతి పోలీస్ స్టేషన్ తన పరిధిలోని వృద్ధుల జాబితా పెట్టుకోవాలని, ముఖ్యంగా ఒంటరిగా ఉంటున్నవాళ్ల వివరాలు దగ్గరుంచుకోవాలని అందులో ఉంది. సిబ్బందిలో ఒకరు, వీలైతే ఒక స్వచ్ఛంద కార్యకర్తను వెంటబెట్టుకుని, కనీసం నెలకోసారి వాళ్లింటికి వెళ్లి రావాలి. స్టేషన్‌కొక వాలంటీర్ల కమిటీ కూడా ఉండాలి. హన్మకొండలోని సుబేదారిలో పోలీస్ స్టేషన్ ఉంది. అక్కడే యూనివర్సిటీ ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ, అందులో జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) ఉన్నాయి. 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైన ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరిన ప్రతి విద్యార్థీ ఏడాదికి 120 గంటల సేవ చేయాలి. ఒక కాగితం మనుషుల్ని అడుగుతోంది, ఇంకో కాగితం దగ్గర మనుషులున్నారు. ఈ రెండు కాగితాలనూ కలపడమే మనం చేయాల్సిన పని. మనవాళ్లలో సేవాభావం తగ్గిపోయిందని నిట్టూర్చడం తేలిక గానీ, అసలు లోటు సేవాభావంలో లేదు, ఏర్పాటులో ఉంది.

నిజాం కాలంలో వరంగల్ సుబాను ఏలిన సుబేదార్ మకాం వల్ల సుబేదారికి ఆ పేరొచ్చింది. ఆ తర్వాత కూడా కచేరీలు, కోర్టులు, కాలేజీలు ఈ చుట్టుపక్కలే వెలిశాయి. వాటిల్లో పనిచేసి రిటైరైనవాళ్లు హన్మకొండ కాలనీల్లోనే ఇళ్లు కట్టుకుని ఉండిపోయారు. పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో డాలస్‌లోనో ఉంటారు. దేశమంతటా 2017-18లో వృద్ధులపై జరిగిన లాసీ సర్వే ప్రకారం అరవై దాటినవాళ్లలో వందకు దాదాపు ఆరుగురు ఒంటరిగా ఉంటున్నారు. మరో ఇరవై మంది ఇళ్లలో పిల్లలు లేరు, భార్యాభర్తలిద్దరే ఉన్నారు. ఇలాంటి ఇళ్లలో పెన్షన్ వచ్చేవాళ్లకు డబ్బు కొరత అంతగా ఉండదు. చిన్న చిన్న పనుల దగ్గరే బండి ఆగిపోతుంది. లైఫ్ సర్టిఫికెట్ సంగతే చూడండి. జీవన్ ప్రమాణ్ వచ్చాక ఇంట్లో కూర్చుని ఫోన్‌లోనే ఇవ్వొచ్చన్నారు, నిజమే. అయితే ముందు ఆధార్ ఫేస్ యాప్ ఒకటి వేసుకోవాలి, తర్వాత జీవన్ ప్రమాణ్ యాప్ ఇంకొకటి. ఓటీపీ వచ్చిన నిమిషాల్లోనే కొట్టాలి. వెలుతురు ముఖం మీద పడేట్టు కూర్చుని, కెమెరా చూస్తూ, రెప్ప కొట్టమన్నప్పుడు కొట్టాలి. పోనీ వేలిముద్ర వేద్దామంటే అరవై ఏళ్లు పనిచేసిన వేళ్లు, గీతలు అరిగిపోయి ఉంటాయి. డిగ్రీ కుర్రాడికి ఇది పది నిమిషాల పని. డెబ్బై అయిదేళ్ల పెద్దాయన ఒక్కడే చేసుకోవాలంటే నవంబరు మొత్తం దిగులే.

ఇవన్నీ చిల్లర పనులేగా, వీటికి ఇంత హడావుడి దేనికని అనిపించొచ్చు. ఒక ఎండాకాలం సంగతి చెప్తాను. 1995 జులైలో అమెరికాలోని షికాగోలో కొద్ది రోజుల వడగాడ్పులకు 700 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఒంటరిగా ఉంటున్న ముసలివాళ్లు. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త దీన్ని తవ్వి చూస్తే, పక్కపక్కనే ఉన్న రెండు పేదపేటల్లో ఒకదాని మరణాల రేటు రెండోదానికి దాదాపు పది రెట్లుంది. రెండుచోట్లా అదే ఎండ, ఇంచుమించు అదే పేదరికం. చావులు తక్కువున్నచోట వీధిలో దుకాణాలు, జనసంచారం ఉన్నాయి, ముసలివాళ్లు గడప దాటి బయటికొచ్చేవాళ్లు, కనబడకపోతే అడిగేవాళ్లుండేవారు. ఈ లెక్క మనకు దూరమేమీ కాదు. 2015 మే నెల వడదెబ్బకు దేశంలో 2 వేల మందికి పైగా చనిపోతే అందులో ఎక్కువమంది రెండు తెలుగు రాష్ట్రాలవాళ్లే. ఓరుగల్లు ఎండ ఎలా ఉంటుందో కొత్తగా చెప్పక్కర్లేదు. మే నెలంతా పొద్దున ఒకసారి తలుపు తట్టి, కుండలో నీళ్లున్నాయో లేదో, కూలర్ తిరుగుతోందో లేదో చూసి వెళ్లే మనిషి ఉంటే చాలు. అది కూడా వైద్యమే.

మనవాళ్లు కదలరన్న మాటలో నిజం లేదు. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో హన్మకొండ, వరంగల్ కాలనీలు మునిగినప్పుడు సాయానికి జనం కదిలారు. ఇంకా వెనక్కి వెళ్తే 1904లో, తెలుగు చదువుకు నిజాం రాజ్యంలో ఆదరణ లేని రోజుల్లో, హన్మకొండలో శ్రీ రాజరాజ నరేంద్ర భాషానిలయం జనం పూనికతోనే నిలబడింది. కాజీపేటలోని బాలవికాస ఊళ్లలో మంచినీటి పనులు చేయించేటప్పుడు గ్రామస్తుల వాటా, గ్రామస్తుల కమిటీ ఉండాలంటుంది. గీసుగొండ మండలం గంగదేవిపల్లి ఒక్కో పనికి ఒక్కో కమిటీ వేసుకునే ఆదర్శ గ్రామమైంది. వరద సాయానికీ ఈ పనులకూ తేడా ఎక్కడుందంటే, వరద వచ్చినప్పుడు ఎవరూ పిలవక్కర్లేదు. మామూలు బుధవారం నాడు మందులు తెచ్చిపెట్టాలంటే మాత్రం ఎవరి వంతో ముందే తేలి ఉండాలి. కేరళ ఈ కిటుకు పట్టుకుంది. కోజికోడ్‌లో 1993లో మొదలైన పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ అనుభవం నుంచి, మలప్పురంలో ఇరుగుపొరుగు వాలంటీర్ల వలయం పుట్టింది. మంచానపడ్డవాళ్లను చూసుకోవడానికి వచ్చేవాళ్లను అక్కడ ఎవరూ త్యాగమూర్తులు కమ్మనలేదు. వారానికి కనీసం రెండు గంటలు ఇవ్వగలరా అని అడిగారు, ఇస్తామన్నవాళ్లకు శిక్షణ ఇచ్చారు. 2008కల్లా అది రాష్ట్ర ప్రభుత్వ విధానంలో చోటు సంపాదించింది. వారానికి రెండు గంటలంటే ఏడాదికి 104. ఎన్‌ఎస్‌ఎస్ అడిగే 120 గంటల్లో ఇది ఇమిడిపోయి ఇంకా మిగులుతుంది.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. పిల్లలు చేయాల్సింది పొరుగువాళ్ల మీద వేయడమేమిటన్నది మొదటిది. న్యాయంగా చూస్తే బాధ్యత పిల్లలదే, చట్టమూ అదే అంటుంది. కానీ డాలస్‌లో ఉన్న కొడుకు ఎంత మంచివాడైనా బాత్రూంలో జారిపడ్డ తల్లిని లేపలేడు. పక్కింటివాళ్లు లేపగలరు. ప్రభుత్వం జీతమిచ్చి మనుషుల్ని పెట్టొచ్చు కదా అన్నది రెండోది, మొదటిదానికన్నా గట్టిది. ఆంధ్రప్రదేశ్ ఆ ప్రయోగం చేసింది. 2019 ఆగస్టు 15 నుంచి దాదాపు యాభై ఇళ్లకు ఒకరు చొప్పున, నెలకు 5 వేల గౌరవ వేతనంతో వాలంటీర్లు వచ్చారు. ఒకటో తారీఖున పెన్షన్ గడప దగ్గరికే చేరింది. ముసలివాళ్లకు అదెంత సుఖమో కాదనలేం. కానీ 2024 ఎన్నికల ముందు వాళ్లను పంపిణీ నుంచి తప్పించమని ఎన్నికల సంఘం చెప్పాల్సి వచ్చింది, ప్రభుత్వం మారాక ఆ పని సచివాలయ ఉద్యోగుల చేతికి వెళ్లింది. యాభై ఇళ్లకు ఒక తెలిసిన మనిషి అన్న లెక్క సరైనదే. ఆ మనిషిని అధికార పార్టీకి ముడిపెడితే పార్టీతో పాటే పోతాడు. పెన్షన్, ఆసుపత్రి, ఫుట్‌పాత్ ప్రభుత్వమే చూడాలి, అందులో రాజీ లేదు. తలుపు తట్టి పలకరించే పనిని మాత్రం జీవోలకు వదిలేయలేం.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం భద్రత. ఒంటరి వృద్ధుల ఇంట్లోకి ముక్కూముఖం తెలియని కుర్రాళ్లను ఎలా రానిస్తాం? సీబీఐ అధికారులమంటూ ఫోన్ చేసి, డిజిటల్ అరెస్టు పేరుతో రిటైరైనవాళ్ల సొమ్ము ఊడ్చేస్తున్న రోజులివి. ఈ భయాన్ని కొట్టిపారేయకూడదు, అసలు పోలీస్ స్టేషన్ ఇందులో ఉండాల్సింది ఈ భయం వల్లే. కాలేజీ పంపే జాబితా స్టేషన్‌లో నమోదు కావాలి, ఫోటో కార్డు ఉండాలి, ఎప్పుడూ ఇద్దరిద్దరే వెళ్లాలి. ఏటీఎం కార్డు, పిన్, సంతకం చేసిన చెక్కు ముట్టకూడదు. ఓటీపీ కొట్టాల్సొస్తే పెద్దాయన వేలితోనే కొట్టించాలి. ఇంట్లో చూసిన సంగతి వీధిలో చెప్పకూడదు. జపాన్‌లో 1917 నాటి ఒకాయామా ప్రయోగం నుంచి ఎదిగిన ‘మిన్సెయీ ఇయిన్’ అనే వాలంటీర్ల వ్యవస్థ ఇలాంటి కట్టుబాట్ల మీదే నడుస్తోంది. 2 లక్షలకు పైగా మనుషులు, జీతం లేదు, ఖర్చులు మాత్రమే ఇస్తారు, గోప్యత చట్టం పెట్టిన షరతు. కొత్తవాళ్లు దొరకడం కష్టమవుతోందని అక్కడా మొర ఉంది. అయినా వందేళ్లు దాటి నిలిచింది.

సర్టిఫికెట్ కోసం వచ్చే పిల్లలకు ప్రేమ ఉంటుందా అని వెటకారమాడేవాళ్లున్నారు. ఉండకపోతేనేం, సమయానికొస్తే చాలు. నాలుగు వారాలు వరుసగా వచ్చిన పిల్లాణ్ని ఏ పెద్దమ్మా చాయ్ తాగకుండా పంపదు, మిగతాది దానంతటదే కుదురుతుంది. వృద్ధులకూ అభిమానం ఉంటుంది, ఊరికే సాయం పుచ్చుకోవడం వాళ్లకు కష్టమే. అందుకే ఇది ఒకవైపు వ్యవహారం కాకూడదు. రిటైరైన లెక్కల మాస్టారు పోటీ పరీక్ష రాసే పిల్లలకు రెండు గంటలు చెప్పొచ్చు, కలెక్టరేట్‌లో పనిచేసినాయన కాలనీవాళ్ల అర్జీ రాసిపెట్టొచ్చు. జపాన్ వాలంటీర్లలోనూ అరవై దాటినవాళ్లే ఎక్కువ.

సుబేదారి చుట్టుపక్కల కాలనీ సంఘాల వాళ్లు ఈ నెల సమావేశంలో వినాయక చవితి చందాల లెక్క కాస్త తొందరగా ముగించి, ఒంటరిగా ఉన్న పెద్దలెవరో, వాళ్లనడిగి, ఒక కాగితం మీద రాయండి. దాన్ని స్టేషన్‌లో ఇచ్చి, నియమాల్లో ఉన్న వాలంటీర్ల కమిటీ వేయమని అడగండి. ఇంకో ప్రతి కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రాం ఆఫీసర్‌కు ఇవ్వండి. ఈలోగా ఏ వృద్ధుడికైనా అత్యవసరంగా సలహా కావాలంటే ఎల్డర్ లైన్ నంబరు 14567, ఫోన్‌కు ఖర్చు లేదు. పెద్ద అక్షరాలతో రాసి వాళ్ల ఫోన్ పక్కన అంటించి రండి.